కాళ్ళలో సిరల ఉబ్బు: ఒత్తిడి మేజోళ్ళతో వృద్ధుల దినచర్య

కాళ్ళ మీద మెలికలు తిరిగి నీలంగా తేలే వాటిని చూసి పల్లెల్లో 'నరాలు ఉబ్బాయి' అంటారు. నిజానికి అవి నరాలు కావు, సిరలు. కాలిలోని రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చేవి ఇవే. రక్తం కిందికి జారకుండా సిరలలో చిన్న కవాటాలుంటాయి. నడిచేటప్పుడు పిక్క కండరం సిరలను నొక్కి రక్తాన్ని పైకి నెడుతుంది. వయసు, వంశపారంపర్యం, కాన్పులు, అధిక బరువు, గంటల తరబడి నిలబడే పని మొదలైన కారణాల వల్ల కవాటాలు బలహీనపడితే రక్తం కిందనే నిలుస్తుంది. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కి చీలమండలు వాస్తాయి. క్రమంగా అక్కడి చర్మం నల్లబడి, దురద పుట్టి, మానని పుండు పడవచ్చు.

మేజోళ్ళు చేసే పని

వైద్యులు కంప్రెషన్ స్టాకింగ్స్ అని వ్రాసే ఈ మేజోళ్ళు చీలమండ వద్ద ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా నొక్కుతాయి. ఇవి చెడిన కవాటాలను బాగుచేయవు. తొడుక్కున్నంత సేపే పనిచేస్తాయి. నొప్పి తగ్గిందని పెట్టెలో దాచితే వాపు మళ్ళీ వస్తుంది. మానిన పుండు తిరగబెట్టే అవకాశాన్ని తగ్గించేది నిత్యం తొడగడమే.

తొడిగే విధానం

ఉదయం మంచం దిగకముందే, వాపు లేనప్పుడే తొడగాలి. ఆలస్యమైతే కొంతసేపు కాళ్ళు ఎత్తులో పెట్టుకొని పడుకోవాలి. వంగని నడుము, పట్టు తప్పిన వేళ్ళు గల పెద్దలకు ఇదే కష్టమైన ఘట్టం. పలువురు మానివేసేదీ ఇక్కడే. మేజోడును మడమ వరకు లోపలివైపు బయటికి తిప్పి, ముందు పాదానికి ఎక్కించి, మడమ సరిగా కుదిరాక కొంచెం కొంచెంగా పైకి జరపాలి. రబ్బరు చేతితొడుగులు వేసుకుంటే పట్టు దొరుకుతుంది. మెట్టెలు, పట్టీలు, పగిలిన మడమలు దారాన్ని లాగుతాయి గనుక ముందే చూసుకోవాలి. పై అంచును మడవరాదు. మడత తాడులా బిగుస్తుంది.

వైద్యుడు వేరుగా చెప్పనిదే రాత్రి తీసివేయవచ్చు. కాళ్ళకు నూనె రాయదలచితే అప్పుడే రాయాలి. మేజోళ్ళను గోరువెచ్చని నీటిలో ఉతికి, పిండకుండా నీడన ఆరవేయాలి. రెండు జతలుంటే వేసవి చెమటలో మార్చుకోవడానికి వీలవుతుంది. సుమారు ఆరు నెలలకు సాగుడు తగ్గుతుంది. అప్పుడు కొత్తవి కొనాలి.

చీటీలో చూడవలసినవి

బళ్ళారి, హోసూరు, బరంపురం వంటి చోట్ల ఆసుపత్రిలో మాట కన్నడమో, తమిళమో, ఒడియానో కావచ్చు. ఏ భాషలోనైనా అంకెలు ఒక్కటే. మోకాలి వరకా తొడ వరకా, ఎంత ఒత్తిడి, ఏ సైజు అనే మూడూ వ్రాయించుకోవాలి. ఒత్తిడిని పాదరస మిల్లీమీటర్లలో చెబుతారు. జర్మన్ ప్రమాణంలో ఒకటో తరగతి 18–21, రెండో తరగతి 23–32. బ్రిటిష్ ప్రమాణంలో ఈ అంకెలు వేరు. కాబట్టి తరగతి ఒక్కటే చాలదు. సైజు కోసం కాలిని ఉదయమే కొలిపించుకోవాలి.

ఎవరికి ప్రమాదం

కాలికి రక్తాన్ని తెచ్చే ధమనులు పూడుకుపోయినవారికి బిగువైన మేజోడు కీడు చేస్తుంది. మధుమేహం, తీవ్రమైన గుండె జబ్బు, ఏళ్ళ తరబడి చుట్ట బీడీల అలవాటు ఉన్నవారు వైద్యునికి ముందే చెప్పాలి. చీలమండ వద్దా, చేతి వద్దా రక్తపోటు కొలిచి పోల్చే పరీక్షతో ధమనుల స్థితి తెలుస్తుంది. పొరుగువారి మేజోళ్ళు తెచ్చి తొడగడం తగదు.

వేళ్ళు చల్లబడినా, నీలిరంగుకు తిరిగినా, తిమ్మిరెక్కినా వెంటనే తీసివేయాలి. ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పి పుడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి.

పొద్దున్నే కాలికి మేజోడు తొడిగిపెట్టమని కొడుకునో కోడలినో అడగడానికి పెద్దలు మొహమాటపడతారు. ఇంటివారు అడిగించుకోకుండా ఆ కొద్ది నిమిషాలు కేటాయిస్తే, నెలల తరబడి పుండుకు కట్టు కట్టే అవస్థ తప్పవచ్చు.