పొరుగువారి గోడ

పక్కనున్న ఖాళీ జాగాలో ముగ్గు పోశారంటే ఆ జాగా గలవారికి పండుగ; ఆనుకొని ఉన్న ఇంటివారికి దిగులు. ఇన్నేళ్లు కిటికీలోంచి వచ్చిన వెలుతురు ఇక వస్తుందా? చూరునీళ్లు ఎటు పోవాలి? పక్కన పునాది తవ్వితే మన పాత మట్టిగోడ నిలుస్తుందా? కట్టుకొనేవారి దిగులు వేరు. ఉన్నదే కాస్త జాగా. పొరుగువారి కోసం మూడడుగులు విడిచిపెడితే ఇక గది వేసుకొనేదెక్కడ?

మహబూబాబాదు జిల్లాలోని దంతాలపల్లి వంటి ఊళ్లను తలచుకొందాం. వరంగల్లు నుంచి ఖమ్మం పోయే దారిలోని ఈ ఊరు 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో మండల కేంద్రమైంది. ఒక ఊరికి కార్యాలయాలూ రాకపోకలూ పెరిగితే జాగాకు గిరాకీ పెరుగుతుంది. నిన్నటిదాకా గడ్డివాము వేసుకొన్న దొడ్డి అన్నదమ్ముల పంపకంలో ముక్కలై, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క ఇంటి స్థలమవుతుంది. అటువంటిచోట పుట్టే తగవు ఎంత పాతదో మన శాస్త్రగ్రంథాలు తిరగవేస్తే తెలుస్తుంది.

కౌటిల్యుని అర్థశాస్త్రం చాలాకాలం కంటికి కనబడకుండా ఉండి, మైసూరులో శామశాస్త్రిగారి చేతికి చిక్కి, 1909లో అచ్చయింది. అందులో ఇండ్ల తగవులకు ప్రత్యేకంగా ఒక ప్రకరణమే ఉన్నది. రెండు ఇండ్ల నడుమ సందు ఉండవలెననీ, చూరుకూ చూరుకూ మధ్య నాలుగు వేళ్ల ఎడమైనా ఉండాలనీ, లేదా ఒకదానిపై ఒకటి కప్పుకోవచ్చుననీ ఆ గ్రంథం చెబుతుంది. తన నీటితో పొరుగువాని గోడను పాడుచేసినవానికి 12 పణాల జరిమానా. ఆ నీరు మురుగైతే అందుకు రెట్టింపు. ఎదుటి ఇంటికి ఇబ్బంది కలిగేటట్లు వాకిలి గాని కిటికీ గాని పెట్టడం కూడా తప్పే. నడుమ రాజమార్గం ఉంటే మాత్రం తప్పులేదు. ఇన్ని నియమాలు చెప్పిన కౌటిల్యుడే, ఇండ్ల యజమానులు కలసి మాట్లాడుకొని తమకు ఇష్టమైనట్లు కట్టించుకోవచ్చుననీ, ఇష్టం కానిదానిని నివారించుకోవచ్చుననీ అన్నాడు.

తరువాతి ప్రమాణం మన ప్రాంతానికి మరింత దగ్గరిది. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంవాడు. ఆ చక్రవర్తి 1076 నుంచి 1126 వరకు పాలించాడు. అనుమకొండ కాకతీయులు ఆనాడు ఆయనకు సామంతులు. పదమూడవ శతాబ్దంలో కేతన ఈ ధర్మాన్ని విజ్ఞానేశ్వరీయమనే పేర తెలుగు చేశాడు. పొలం గట్టు తగవుకు చెప్పిన విధినే ఇండ్లకూ, వాననీటి కాలువలకూ వర్తింపజేయాలని స్మృతి అంటుంది. హద్దు తేల్చవలసినవారు ఎవరు? ఇరుగుపొరుగులు, ముసలివారు, పశువుల కాపరులు. ఆనవాళ్లేవి? బొగ్గులు, ఊక, చెట్లు, పుట్టలు. ఏండ్ల తరబడి ఆ నేలను కళ్లారా చూచినవారే అక్కడ ప్రమాణమన్నమాట.

ఇతర దేశాలలోనూ ఈ చిక్కు ఉన్నది. క్రీస్తుకు పూర్వం అయిదవ శతాబ్దినాటి రోమనుల పన్నెండు పలకల శాసనం ఇంటిచుట్టూ రెండున్నర అడుగుల ఎడం విడువమన్నది. 1189 నాటిదని చెప్పే లండను నగర నిబంధన మరొక దారి తొక్కింది: ఇద్దరూ చెరి అడుగున్నర నేల ఇచ్చి, మూడడుగుల మందాన రాతిగోడను ఉమ్మడిగా కట్టుకోవచ్చును. ఒకరు నేలను విడిచిపెట్టమన్నారు, మరొకరు కలుపుకొమ్మన్నారు.

ఇక వెలుతురు మాట. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు మొదటినుంచీ వర్తించిన 1882 నాటి ఈజుమెంట్ల చట్టం ప్రకారం, ఒక కట్టడానికి వెలుతురూ గాలీ 20 సంవత్సరాలు నిరాటంకంగా, హక్కుగా అందివుంటే ఆ హక్కు స్థిరపడుతుంది. అంటే ఖాళీ జాగా పుణ్యమా అని వచ్చే వెలుతురు మొదట చేబదులు వంటిదే. గడువు నిండిన తరువాతనే అది సొంతం. అప్పుడైనా కాస్త నీడ పడినంతమాత్రాన దావా నిలువదు. చెప్పుకోదగిన నష్టం జరిగివుండాలి.

చిన్న స్థలాల విషయంలో ఇటీవలి నిబంధనలు కట్టుకొనే పేదవాని పక్షం వహించాయి. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన కట్టడాల నియమాలు, 50 చదరపు మీటర్ల లోపు స్థలంలో ముందువైపు తప్ప తక్కిన పక్కల ఖాళీ విడువనక్కరలేదన్నాయి. 2020లో తెలంగాణ చేసిన చట్టం పట్టణాలలో 75 చదరపు గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు మించని ఇంటికి అనుమతే అక్కరలేదన్నది. రూపాయి చెల్లించి నమోదు చేసుకొంటే చాలునన్నది. ఇది న్యాయమే. మూడడుగులు విడువమంటే పెద్ద స్థలం గలవానికి పూలతోట తగ్గుతుంది. చిన్న స్థలం గలవానికి ఇల్లే తగ్గుతుంది. అయితే చట్టం విడిచిపెట్టిన ఆ సందులోనే పాత ఇంటి గోడ, చూరు, కిటికీ ఉన్నాయి. వాటి సంగతి చూడవలసింది ఎవరు?

ఇక్కడ కౌటిల్యుని మాటే శరణ్యం. పునాది తవ్వకముందే రెండిండ్లవారూ పెద్దల ఎదుట తాడు పట్టి హద్దు చూచుకోవాలి. పాత గోడ పక్కన మట్టి ఒక్కసారిగా తీయక కొంచెం కొంచెంగా తీయాలి. చూరునీరు ఎవరి నేలలో పడాలో, గోడ ఉమ్మడిదో విడిదో కాగితంమీద పెట్టుకోవాలి. గోడ లేచిన తరువాత కచేరీకి ఎక్కితే ఏండ్లు గడుస్తాయి. ముగ్గు పోసిననాడు మాట్లాడుకొంటే ఒక పూట పని.