చందా పుస్తకం, ప్లాటినం స్పాన్సరు, మధ్యలో వినాయకుడు

కుర్రాళ్ళే ముందుండి నడిపే ఉత్సవాల్లో వినాయకచవితి పందిరిని మించింది మన ఊళ్ళల్లో మరోటి లేదేమో. బడ్జెట్ వేసేది వాళ్ళే, వసూళ్ళకి తిరిగేది వాళ్ళే, తొమ్మిదో రోజు రాత్రి ట్రాక్టరు కోసం పరిగెత్తేది వాళ్ళే. మనం మాత్రం ఆఫీసులో "ఈవెంట్ ప్లానింగ్" అని రెండ్రోజుల ట్రైనింగుకెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకుంటాం. నూట ముప్పై ఏళ్ళకు పైగా నడుస్తున్న ఈ వ్యవహారం వంక చూడనే చూడం. భక్తి గురించి రాయడానికి నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు, నేను రాసేది డబ్బు గురించే.

అందరూ ఈ కథని 1893లో తిలక్‌తో మొదలుపెడతారు. పుణేలో అడిగి చూడండి, గురూజీ తాలీం గణపతి 1887 నాటిదంటారు. తాలీం అంటే కుస్తీ నేర్చుకునే చోటు. భికూ శిందే, ఉస్తాద్ నల్బన్ అనే ఇద్దరి కుటుంబాలు, ఒకటి హిందూ, ఒకటి ముస్లిం, కలిసి మొదలుపెట్టాయని అక్కడ చెప్పుకుంటారు. 1892లో భావుసాహెబ్ రంగారీ ఇంకో గణపతిని నిలబెట్టారు. అంటే తిలక్ వచ్చేటప్పటికే ప్రోటోటైపు సిద్ధంగా ఉంది. ఆయన చేసింది స్కేలింగ్. కేసరి పత్రికలో రాసి, ఇళ్ళల్లో పూజలందుకునే గణపతిని వీధి వీధికీ తెప్పించారు.

స్కేలింగ్ అనగానే మనకొచ్చే మొదటి ప్రశ్న, ఫండింగ్ ఎవరిదని. తిలక్ దగ్గర పంచిపెట్టడానికి ఏమీ లేదు. ఏ వీధి ఖర్చు ఆ వీధిదే. మరాఠీలో వర్గణి అంటారు, మన చందా లాంటిదే. ఇంటింటికీ తిరిగి ఎవరికి తోచింది వాళ్ళిస్తే తీసుకోవడం. కుర్రాళ్ళు మేళాలని జట్లు కట్టి, పాటలు నేర్చుకుని ఊరేగింపుల్లో పాడేవాళ్ళు. ఆ పాటల్లో దేవుడెంతో రాజకీయమూ అంతే ఉండేది కాబట్టి ప్రభుత్వానికి కంటగింపైంది. 1908లో తిలక్‌ని రాజద్రోహం కేసులో మాండలే జైలుకి పంపారు, తర్వాత మేళాల మీదా ఆంక్షలు బిగించారు. మేళాల జోరు తగ్గింది కానీ పందిళ్ళు ఆగలేదు. ఎందుకాగుతాయి? ఆపడానికి ఒక హెడ్డాఫీసు లేదు, ఒక ఖాతా లేదు. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ లేదు. ఆరేళ్ళ తర్వాత, 1914లో ఆయన తిరిగొచ్చేనాటికి ఉత్సవం ఉంది.

స్పాన్సర్లు అప్పట్లోనూ లేకపోలేదు. పుణేలో ఇప్పుడు జనం క్యూ కట్టే దగడూశేఠ్ హల్వాయీ గణపతికి ఆ పేరు ఒక మిఠాయి వ్యాపారిది. ఏకంగా దేవుడికే స్పాన్సరు పేరు! టైటిల్ స్పాన్సర్‌షిప్ అని ఎంబీయే పుస్తకాల్లో రాయకముందు సంగతి ఇది. ముంబైలో లాల్‌బాగ్‌చా రాజాది ఇంకో రకం. 1932లో అక్కడి మార్కెట్టు మూతపడితే చేపలమ్మేవాళ్ళూ, చిన్న వర్తకులూ మొక్కుకున్నారు. మార్కెట్టుకి స్థలం దొరికాక 1934లో విగ్రహం పెట్టి మొక్కు తీర్చుకున్నారు. స్పాన్సరూ వాళ్ళే, భక్తుడూ వాళ్ళే.

ఇక మన హైదరాబాదుకొద్దాం. ఖైరతాబాద్‌లో 1954లో సింగరి శంకరయ్య గారు ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టారు. ఏడాదికో అడుగు పెంచాలన్నది సంప్రదాయం అయింది. పక్కా లీనియర్ గ్రోత్. పదేళ్ళ వరకూ ఏ ఇబ్బందీ లేదు, మనిషికంటే కాస్త పెద్ద విగ్రహం, అంతే. 2014 నాటికి 60 అడుగులైంది. ఆ ఎత్తు విగ్రహానికి పందిరి కాదు, ఇనుప చట్రం కావాలి. మోయడానికి లారీ కాదు, ట్రైలరు కావాలి. దించడానికి భారీ క్రేన్ కావాలి. దారిలో కరెంటు తీగలూ, చెట్ల కొమ్మలూ చూసుకోవాలి. తాపేశ్వరం నుంచి ఒక మిఠాయి సంస్థ వేల కిలోల లడ్డూ చేసి పంపడం మొదలుపెట్టేసరికి, జనం విగ్రహం ఎత్తుతోపాటు లడ్డూ బరువు కూడా లెక్కపెట్టారు. ఆ తర్వాత ఎత్తు తగ్గిస్తామని 59కి, 58కి దిగారు. 2019లో మళ్ళీ 61. కోవిడ్ వచ్చిన 2020లో 9 అడుగులు. 2021లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల్ని హుస్సేన్‌సాగర్‌లో కలపొద్దని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి ఒప్పుకుంది. 2022లో 50 అడుగుల మట్టి విగ్రహం చేశారు, ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. 2024లో 70 అడుగులు. ఒకసారి అడుగుల్లో కొలవడం మొదలుపెట్టాక వెనక్కి రావడం ఎంత కష్టమో చూడండి.

బాలాపూర్ వాళ్ళు ఎత్తు జోలికి పోకుండా లడ్డూ వేలం పెట్టుకున్నారు. 1994లో 21 కిలోల లడ్డూ 450 రూపాయలకి పోయింది. మరుసటేడు 4,500. 2002లో లక్ష దాటింది, 2015లో పది లక్షలు దాటింది, 2024లో 30 లక్షల వెయ్యి, 2025లో 35 లక్షలు. వచ్చిన డబ్బుతో ఊళ్ళో గుడి, బడి, రోడ్ల పనులు చేయించారు. ఎవరు ఏ ఏడు ఎంతకి పాడారో మొదటి ఏడాది నుంచీ జాబితా ఉంది, అది నాకు బాగా నచ్చిన విషయం. మన అసోసియేషన్లలో పోయినేడాది లెక్క అడిగితే ఎక్సెల్ షీటు పాత లాప్‌టాప్‌లో ఉండిపోయిందంటారు! అయితే ఒకటి. వేలంలో ఇచ్చేది ఒక్కరు, చూసేది వేలమంది. ఊరి చుట్టూ భూముల ధరలు పెరిగినన్నాళ్ళూ పాట పెరుగుతుంది. ఆ తర్వాత?

బండ్లగూడ జాగీర్‌లోని కీర్తి రిచ్‌మండ్ విల్లాస్‌లో లడ్డూ 2024లో 1.87 కోట్లకి పోయిందని చదివి మనవాళ్ళు చాలామంది నవ్వారు. అక్కడ ఒక్కరు కాదు, ఇళ్ళవాళ్ళు జట్లుగా కలిసి పాడతారు, డబ్బు సేవా కార్యక్రమాలకి వెళ్తుంది. అంకె చూసి నవ్వేకంటే ఆ జట్ల పద్ధతి చూడటం మంచిది. వేలం వేషంలో ఉన్న చందా అది.

ఇదంతా ఎందుకు తవ్వానంటే, మా కాలనీ కుర్రాళ్ళు ఈసారి చందా పుస్తకం మానేసి పీపీటీ తయారుచేశారు. ప్లాటినం, గోల్డ్, సిల్వర్. ప్లాటినం ఇచ్చే బిల్డరుకి ఆర్చి మీద పేరు, హారతి సమయంలో మైకులో ప్రకటన. "అన్నా, రెండొందల గుమ్మాలు ఎక్కి దిగేకంటే ఒక్క చెక్కు నయం కదా" అన్నాడు వాళ్ళలో ఒకడు. లెక్క ప్రకారం వాడన్నది రైటే. కానీ ఆ రెండొందల గుమ్మాలూ ఎక్కడం వల్లే కదా ఏ ఇంట్లో ఎవరున్నారో వాడికి తెలిసింది! వంద రూపాయలిచ్చిన మూడో అంతస్తు మామ్మగారు "నా డబ్బుతో ఏం చేశార్రా" అని అడుగుతూ రోజూ కిందికి దిగొస్తుంది. బిల్డరు మొదటిరోజు ఫోటోకి వస్తాడు. మరుసటేడు ఆయన వెంచరు ఇంకోవైపుకి వెళ్ళిపోతే చెక్కూ పోతుంది, ఈలోపు గుమ్మాలెక్కే అలవాటూ పోయుంటుంది.

స్పాన్సర్లే వద్దని నేననను. మన ఫీల్డులోనే చూడండి, 2008లో షికాగోలో జరిగిన పైకాన్‌కి వెయ్యిమంది పైగా వచ్చారు. డబ్బిచ్చిన కంపెనీలకి లైట్నింగ్ టాక్స్‌లో ముందువరస ఇచ్చారు. మామూలు ప్రోగ్రామర్లు చేతులెత్తి ఐదు నిమిషాలు మాట్లాడుకునే చోటు అది. బ్రూస్ ఎకెల్ లాంటివాళ్ళు బాహాటంగా విమర్శించారు. స్టాలు అమ్మండి, బ్యానరు అమ్మండి, ఎవరూ ఏమీ అనుకోరు. మైకు అమ్మేసరికి గొడవైంది. హారతి కూడా అలాంటిదే అని నా ఉద్దేశం. లైటింగు ఖర్చు ఎవరైనా పెట్టుకోనివ్వండి, అన్నదానానికి బియ్యం బస్తాలు ఇవ్వనివ్వండి. హారతి పళ్ళెం మాత్రం రోజుకో ఇంటి చేతిలో ఉండాలి.

ముంబై గిర్గావ్‌లో కేశవ్‌జీ నాయక్ చాల్ అని ఉంది. ఆ ఊళ్ళో మొదటి సార్వజనిక గణపతి అక్కడే, 1893లో. ఇప్పటికీ విగ్రహం రెండడుగుల మట్టిబొమ్మే. చివరిరోజు పల్లకీలో పెట్టుకుని చాల్‌లో ఉండేవాళ్ళే మోసుకెళ్తారు. క్రేన్ అక్కర్లేదు.