పంకా తాడు అవతలి కొస

జూలై 17 ఏసీ పుట్టినరోజు. 1902లో ఆ రోజున విల్లిస్ క్యారియర్ అనే పాతికేళ్ల ఇంజనీరు గాలిలో తేమను అదుపు చేసే యంత్రానికి నమూనా గీశాడు. మనుషుల కోసం గీసింది కాదది. బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో తేమకు కాగితం సాగిపోయి, రంగు మీద రంగు సరిగ్గా పడేది కాదు. ఆ కాగితాన్ని కాపాడటానికి పుట్టిన యంత్రం గుమాస్తాల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటిదాకా మన కచేరీలు వేసవిని తమ పద్ధతిలో దాటాయి.

పాత రాజుల కాలం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. రాయి, సున్నం కలిపి కట్టిన మందపాటి గోడలు, ఎత్తైన కప్పు, లోతైన వరండా. బయటి వేడి గోడ దాటి లోపలికి వచ్చేసరికి పొద్దు వాలేది. అందుకే లోపల పొద్దున్నకీ మధ్యాహ్నానికీ పెద్ద తేడా తెలిసేది కాదు. కుంఫిణీ వాళ్లు కూడా తమ కచేరీలను దాదాపు అలాగే కట్టుకున్నారు.

వాళ్ల కాలంలో దానికి పంకా తోడైంది. నాకు ఈ చరిత్ర అంతటిలోనూ దాని మీదే మమకారం. కప్పు నుంచి వేలాడే పొడవాటి చట్రం, దానికి గుడ్డ, అంచున కుచ్చులు. కట్టిన తాడు గోడలోని కన్నం గుండా వరండాలోకి వెళ్లేది. అక్కడ ఒక మనిషి కూర్చుని దాన్ని లాగుతూ ఉండేవాడు. చేతులు నొప్పి పుడితే తాడు కాలి బొటనవేలికి కట్టుకునేవాడు. గదిలో వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గేది కాదు. గాలి కదిలి ఒంటి మీది చెమట ఆరేది, ప్రాణం కుదుటపడేది. అతనికి కునుకు పడితే దొరకూ ప్లీడరుకూ ఉక్కపోత మొదలయ్యేది, లోపలి నుంచి కేక వినిపించేది. ద్వారాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. పొడి వడగాలి వీచే చోట అవి గదిని నిజంగా చల్లబరిచేవి. సముద్రం ఒడ్డున గాలిలో అప్పటికే నీరుంటుంది కనుక అంత పని చేసేవి కావు. ఆ వట్టివేళ్ల వాసన మాత్రం అంతటా నిండేది.

ఇ.ఎం.ఫార్‌స్టర్ 1924లో రాసిన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ నవలలో కోర్టు ఘట్టం ఉంది. అందులో కేసు ముగిసి జనమంతా వెళ్లిపోయాక కూడా పంకా లాగేవాడు లాగుతూనే ఉంటాడు. ఆ మనిషిని చూడగలిగినందుకే నేను ఫార్‌స్టర్‌ను గౌరవిస్తాను. గది లోపలి హాయి మొత్తం వరండాలో చెమట కార్చిన ఒకడి కూలిపని.

మద్రాసు ప్రభుత్వానికి పంకా చాలలేదు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలను ఏలిన ఆ దొరలు 1870 నుంచి ఏటా వేసవిలో ఆఫీసునే ఊటీకి తరలించేవారు.

కరెంటు ఫ్యాను వచ్చి తాడును తెంచింది. తర్వాత కథ ఒక దారిన నడవదు. ఏసీ ఆఫీసుల్లోకి వచ్చాక గది ఎంత చల్లగా ఉండాలన్నదే ప్రశ్న అయింది. 1970లో డెన్మార్క్ ఆచార్యుడు ఓలే ఫాంగర్ గది వేడి, చలిలో మనిషికి కలిగే హాయికి సూత్రం కట్టాడు. గదిని ఎంత బాగా అమర్చినా నూటికి ఐదుగురికి నచ్చదని ఆ సూత్రమే ఒప్పుకుంటుంది. ఆడవాళ్ల శరీరం పుట్టించే వేడిని ఇలాంటి లెక్కలు 35 శాతం దాకా ఎక్కువగా అంచనా వేసే అవకాశం ఉందని 2015లో ఇద్దరు డచ్ పరిశోధకులు చూపించారు. అంటే ఆ లెక్కతో చల్లబరిచిన గది వాళ్లకు మరీ చల్లగా ఉండవచ్చు. మాదాపూర్ ఆఫీసుల్లో అమ్మాయిలు కుర్చీ వీపుకు శాలువా వేసుకోవడం అలవాటుకు కాదు, అవసరానికి.

మందపాటి గోడ పోయి అద్దం వచ్చింది. పడమటి కిటికీ పక్కన కూర్చున్నవాడికి ఉడుకు, గాలి గొట్టం కింద కూర్చున్నవాడికి వణుకు, ఇద్దరికీ కలిపి గోడకు ఒకటే థర్మోస్టాట్. ఇంద్రగంటి మాధవి, సహచరులు చెన్నై, హైదరాబాద్ ఆఫీసుల్లో ఉద్యోగులనే అడిగి చూశారు. ఏసీ ఉన్నచోట 26 డిగ్రీలు దాటినా, కిటికీలూ ఫ్యాన్లూ ఉన్నచోట 28 దగ్గర కూడా హాయిగానే ఉందని తేలింది. మన వాళ్లనే అడిగి చెప్పిన అంకెలివి, వీటిని పాటించాలి. 2020 జనవరి నుంచి గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారవ్వాలని కేంద్రం నియమం పెట్టింది. పెద్ద భవనాల సెంట్రల్ ఏసీకి అది వర్తించదు. అక్కడ ఎన్ని డిగ్రీలు ఉండాలో ఆ అంతస్తులో పనిచేసేవాళ్లను అడగకుండానే నిర్ణయం జరిగిపోతోంది.