మిగిలిన కాలము నైవేద్యమగునా?



మనము పూజకు కూర్చుండగానే పురోహితులు మనచేత సంకల్పము చెప్పింతురు. సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము వరుసగా వచ్చును. ఆదివారమైన భానువాసరమనియు, సోమవారమైన ఇందువాసరమనియు, శనివారమైన స్థిరవాసరమనియు పలుకుదుము. పిమ్మట గోత్రనామములు. చిట్టచివరకు, ఏ పని కొరకు కూర్చుంటిమో ఆ పని పేరు. ఆ చివరి మాట లేనిచో ముందు చెప్పిన కాలమంతయు వట్టి లెక్కయే. కాలమును లెక్కించుట వేరు, దానిని ఒక కార్యమునకు సమర్పించుట వేరు. ఈ భేదమును మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల చరిత్ర ఎంత చక్కగా చూపుచున్నదో విన్నవించుకొందును.

మొదట వారము సంగతి. వేదాంగ జ్యోతిషమున తిథి నక్షత్రములే గాని వారముల పేర్లు లేవు. అవి తరువాతి కాలమున వచ్చినవి. వాటి క్రమమునకు మూలము హోరలు. దినమునకు 24 హోరలు. శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అను వరుసలో ఒక్కొక్క హోరకు ఒక్కొక్కరు అధిపతి. శనిహోరతో మొదలైన దినమున 24 హోరలు గడచి 25వ హోర రాగా దానికి రవి అధిపతి యగును. కనుక శనివారము మరునాడు ఆదివారము. అట్లే ఆదివారము మరునాడు సోమవారము. దినము యొక్క మొదటి హోర ఎవరిదో, ఆ దినమంతయు వారి పేరనే చెల్లును. క్రీ.శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు తన ఆర్యభటీయమున ఈ సూత్రమును చెప్పెను. మొదటి గడియ ఎవరికిచ్చితిమో దినము వారిదగుననుట గుర్తుంచుకొనదగిన విషయము.

మన దేశమున వారము పేరు కనబడు తొలి శాసనములలో ఒకటి మధ్యప్రదేశ్‌లోని ఎరాన్ స్తంభము మీద నున్నది. గుప్త సంవత్సరము 165, అనగా క్రీ.శ. 484, ఆషాఢ శుద్ధ ద్వాదశి, గురువారము. మాతృవిష్ణువు, ధన్యవిష్ణువు అను సోదరులు జనార్దనునకు ధ్వజస్తంభము నెత్తిన దినమది. వారము పేరు రాతికెక్కినది భగవత్కార్యముతోనే.

ఇక మన నేల. కళింగ గాంగులకు రాజధానియైన కళింగనగరము నేటి శ్రీముఖలింగమేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. అనంతవర్మ చోడగంగదేవుని పట్టాభిషేకము శక సంవత్సరము 999, కుంభమాసము, శుక్ల తదియ, శనివారమున జరిగినదని ఆయన తామ్రశాసనములు చెప్పుచున్నవి. పండితులు గణించి చూడగా అది క్రీ.శ. 1078 ఫిబ్రవరి 17 అయినది, ఆ దినము శనివారమే అయినది. తిథి, వారము రెండును కుదిరినచో కాలనిర్ణయము నిలుచును. అట్లు వారము చరిత్రకు సాక్షియైనది.

శ్రీకూర్మము, శ్రీముఖలింగము ఆలయముల శిలల మీద అఖండదీప దానములు అనేకము. ఆ శాసనముల తీరు చూడుడు. మొదట శకవర్షము, తిథి, వారము. పిమ్మట దాత పేరు. ఆ పిమ్మట స్వామి సన్నిధిని వెలుగవలసిన దీపము, దానికై ఇచ్చిన గోవులు లేక మాడలు. ఇది మన సంకల్పపు వరుసయే కదా! దాత, తీరికైననాడు దీపము పెట్టెదనని అనుకొనలేదు. తాను లేని దినమున సైతము దీపము ఆరకుండ ముందే ఏర్పాటు చేసి, ఆ పిమ్మట తన పనులు చూచుకొనెను.

అరసవల్లి సూర్యనారాయణస్వామి వారికి ఆదివారము ప్రీతికరము. ఆదిత్యవారమే ఆదివారమైనది. ఏటా మార్చి రెండవ వారమునను, అక్టోబరు తొలి దినములలోను ఉదయకిరణములు గర్భగుడిలోని స్వామి పాదములను తాకును. ఆ దర్శనము కొలది నిమిషములు మాత్రమే. మబ్బు పట్టినచో అదియు లేదు. అయినను జనులు చీకటితోనే వచ్చి నిలుతురు. వెలుగు మన తీరికను చూచి రాదు, మనమే ముందుగా వచ్చి నిలువవలెను. ఆదివారపు సెలవు మాత్రము ఊరక వచ్చినది కాదు. బొంబాయి మిల్లు కార్మికుల కొరకు నారాయణ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడగా 1890లో యజమానులు అంగీకరించిరి. ఒకరి శ్రమ వలన లభించిన దినమును నిద్రకును, బజారుకును మాత్రమే వెచ్చించుట తగునా?

విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము విజయదశమి తరువాత వచ్చు మంగళవారమున జరుగును. దశమి ఏ వారమున వచ్చినను, ఊరు మంగళవారము కొరకు వేచియుండును. ఆ ఒక్క సాయంకాలము సిరిమాను కోట వరకు ముమ్మారు తిరుగవలెనన్నచో, ఎన్నో దినముల ముందే తగిన చింతమానును వెదకవలెను, తెచ్చి చెక్కవలెను. ముందునాటి సోమవారము తొలేళ్లు. ముఖ్యమైన దినమును ముందు నిలిపి, తక్కిన దినములను దాని చుట్టు అమర్చుట మన ఊళ్లకు క్రొత్త విద్య కాదు.

మరి మన ఇండ్లలో జరుగుచున్నదేమి? ఆఫీసు, వ్యాపారము, పెండ్లి పిలుపులు, టీవీ — ఇవన్నియు ముందు వచ్చి కూర్చుండును. వృద్ధులైన తల్లిదండ్రులను చూచుట, పిల్లవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని నాలుగు మంచి మాటలు చెప్పుట, దేవుని యెదుట స్థిముతముగా కూర్చుండుట — ఇవి "తీరికైనప్పుడు" అను గూటిలో పడియుండును. మనము భుజించి మిగిలినదానిని దేవునికి నైవేద్యము పెట్టము. దానిని ఎంగిలి యందుము. కాలమును మాత్రము మిగిలినదే పెట్టుచున్నాము!

కొందరు, "మాకు ఆదివారమే లేదు, ఏమి చేయుదుము?" అని అడుగుదురు. జూటు మిల్లులో షిఫ్టు పనివారికిని, ఆసుపత్రి నర్సులకును, మన తీరము విడిచి గుజరాతు వేరావల్ దాక చేపలవేటకు పోవు మత్స్యకార సోదరులకును ఆ మాట నిజము. వారికి విన్నపము: ఏ వారమన్నది కాదు ప్రధానము. చిక్కిన దినమున మొదటి గడియ దేనికన్నదే ప్రధానము. సముద్రము నుండి తీరము చేరిన కుమారుడు మొట్టమొదట తల్లికి ఫోను చేసినచో, ఆ దినమే ఆ ఇంటికి భానువాసరము.

కావున రాబోవు శనివారము రాత్రి దీపము కొండెక్కక ముందు ఒక కాగితము తీసికొనుడు. రానున్న ఏడు దినములలో ఏ ఒక్క పని మానినచో మనస్సు బాధపడునో దానిని మొదట వ్రాసి, దినమును, వేళను నిర్ణయింపుడు. తక్కిన పనులు పిమ్మట వ్రాయుడు. చోటు చాలనిచో క్రింది పని తొలగునే గాని పైది తొలగరాదు. అదియే మీ వారమునకు సంకల్పము.

ఆదిత్యుడు మీ సంకల్పములకు వెలుగు చూపుగాక. స్వస్తి.