సన్నబడే గోళీ పుట్టుపూర్వోత్తరాలు

రేగొండ నుంచి ఇటు పరకాల వైపు పోయినా, అటు భూపాలపల్లి వైపు పోయినా దారికి రెండు దిక్కులా పత్తి చేన్లు, వరి మళ్లు, మిర్చి తోటలు. ఇంతగా ఒళ్లు వంచి బతికే మండలానికి సన్నబడే గోళీతో ఏం పని అని అడగవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సుమారు 30 శాతం, పురుషులలో 32 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అదే వయసు స్త్రీలలో మరో 19 శాతం దాకా ఉండాల్సిన బరువు కూడా లేనివాళ్లు. పట్నంలో ఈ లెక్క ఎక్కువే, కానీ దున్నడం ట్రాక్టర్‌కు, కలుపు గడ్డిమందుకు అప్పజెప్పి మూడు పూటలా తెల్లన్నం తినే ఊళ్లలోనూ నడుములు పెరుగుతున్నాయి. దానికి తోడు చేతిలో ఫోను. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటన జూబ్లీహిల్స్‌కు ఎంత వేగంగా చేరుతుందో రేగొండకూ అంతే వేగంగా చేరుతుంది, డబ్బా కొరియర్‌లో ఇంటికే వస్తుంది. తేడా ఆ తర్వాతే తెలుస్తుంది. గుండె దడ మొదలైతే అక్కడ పక్క వీధిలోనే గుండె డాక్టరు ఉంటాడు, ఇక్కడివాళ్లు వరంగల్ ఎంజీఎం దాకా పోవాలి.

ఈ గోళీల గురించి ఒక్క ముక్కలో తేల్చి చెప్పేవాళ్లు రెండు రకాలు. అమ్మేవాళ్లు, తిట్టేవాళ్లు. ‘అంతా మోసం, ఏ గోళీ పనిచేయదు’ అనేది తిట్టేవాళ్ల మాట. చరిత్ర తిరగేస్తే అది నిలవదు. డాక్టర్లు రాసిచ్చిన గోళీల్లో పేరు మోసినవన్నీ బరువు తగ్గించాయి, కొన్నైతే భయపెట్టేంత వేగంగా తగ్గించాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. బరువును దించిన గుణమే కంటినో, గుండెనో, మనసునో చెడగొట్టింది. మన ఒంట్లో బరువుకు మాత్రమే పనిచేసే మీట వేరుగా లేదు. ఆకలి, ఒంటి వేడి, గుండె లయ, ఉల్లాసం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఒకదాన్ని బలవంతంగా తిప్పితే మిగతావీ తిరుగుతాయి. నూట ముప్పై ఏళ్ల కథలో మందుల పేర్లు మారాయి గానీ ఈ సంగతి మారలేదు.

కథ థైరాయిడ్‌తో మొదలైంది. 1891లో ఇంగ్లండ్ వైద్యుడు జార్జ్ మర్రే, థైరాయిడ్ గ్రంథి మందగించిన రోగికి గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించి బాగుచేశాడు. ఆ చికిత్స పొందినవాళ్లు సన్నబడటం చూసి, రెండు మూడేళ్లలోనే ఏ జబ్బూ లేని లావుపాటివాళ్లకూ ఆ మందు ఇవ్వడం మొదలైంది. బరువు తగ్గింది, దాంతోపాటే గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి వచ్చాయి. తగ్గినదాంట్లో కండ కూడా ఉంది. థైరాయిడ్ హార్మోను ఒంటి పని మొత్తాన్నీ పరుగెత్తిస్తుంది, కొవ్వు దగ్గరే ఆగమంటే ఆగదు. ఇప్పటికీ థైరాయిడ్ లోపం లేనివాళ్లు ‘సన్నబడతామట’ అని ఆ గోళీలు కొని మింగడం ఆ 1890ల పొరపాటుకు కొనసాగింపే.

రెండో అంకం మరీ క్రూరమైనది, అందులో మన తెలుగువాడి పరిశోధన కూడా తారసపడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్ మందుగుండు కర్మాగారాల్లో డైనైట్రోఫినాల్ అనే పసుపు పొడితో పనిచేసిన కూలీలు విపరీతంగా చెమటలు పట్టి, జ్వరం పెరిగి, చిక్కిపోయారు. కొందరు చనిపోయారు. మనుషుల్ని చిక్కిపోయేట్టు చేసిన ఆ పొడినే 1933లో అమెరికా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మారిస్ టెయింటర్, విండ్సర్ కటింగ్ బరువు తగ్గించే మందుగా పరీక్షించారు. మరుసటి ఏడాదికే ఒక్క అమెరికాలోనే లక్ష మంది దాకా వాడారని అంచనా. అది ఎలా పనిచేసిందో అర్థం కావాలంటే ఏటీపీ గురించి చెప్పుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో గుర్తించిన అణువు అది (జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది కనుగొన్నాడు). తిన్న తిండిలోని శక్తిని కణం ఏటీపీగా మార్చుకుని పనికి వాడుకుంటుంది. డైనైట్రోఫినాల్ ఆ మార్పిడిని తెంచేస్తుంది. శక్తి ఏటీపీగా మారకుండా వట్టి వేడిగా పోతుంది, శరీరం మరింత కొవ్వును కాలుస్తుంది, అయినా కణానికి చేతికందేది తక్కువే. మోతాదు కాస్త మీరితే ఒళ్లు లోపలి నుంచి ఉడికిపోతుంది. విరుగుడు మందు లేదు. 1935 నుంచి దాన్ని వాడిన పడుచు స్త్రీల కళ్లలో శుక్లాలు కనిపించసాగాయి. 1938లో అమెరికా కొత్త ఔషధ చట్టం తెచ్చాక ఆ మందు అంగళ్లలోంచి పోయింది, లోకంలోంచి పోలేదు. 2015లో బ్రిటన్‌లో 21 ఏళ్ల విద్యార్థిని ఒకరు ఇంటర్నెట్‌లో కొన్న ఆ గోళీలు మింగి చనిపోయింది. ఆ దేశం 2023లో దాన్ని విషాల జాబితాలో చేర్చింది. ఇక్కడ కొవ్వును కరిగించినదీ, ప్రాణం తీసినదీ ఒకటే వేడి. దుష్ఫలితం అంటూ విడిగా ఏమీ లేదు.

యాంఫెటమీన్ల కాలాన్ని త్వరగా దాటేయవచ్చు. 1930ల చివర నుంచి మూడు దశాబ్దాలపాటు అమెరికా వైద్యులు ఆకలిని చంపడానికి వాటిని ధారాళంగా రాశారు. రంగురంగుల గోళీల పొట్లాల్లో యాంఫెటమీన్, థైరాయిడ్, మూత్రం ఎక్కువ పోయించే మందు, గుండె మందు, నిద్రమందు కలిపి అమ్మిన క్లినిక్కులు కూడా వెలిశాయి. ఆకలి చచ్చింది, అలవాటు అంటుకుంది. 1965లో ఐరోపాలోకి వచ్చిన అమినోరెక్స్ అనే ఆకలిని చంపే మందు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెంచి ప్రాణాలు తీయడంతో 1968లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ పాఠం ఎవరికీ ఎక్కలేదు. 1992లో కేవలం 121 మందిపై జరిగిన ఒక అధ్యయనం ఆధారంగా ఫెన్‌ఫ్లురమిన్, ఫెంటర్మిన్ జంట అమెరికాను ఊపేసింది. 1996లో ఈ రెండు మందులకు రాసిన చీటీలు కోటీ ఎనభై లక్షలకు మించాయి. 1997లో మేయో క్లినిక్ వైద్యులు 24 మంది స్త్రీల గుండె కవాటాలు దెబ్బతిన్నాయని బయటపెట్టారు, రెండు నెలల్లో ఫెన్‌ఫ్లురమిన్ అమ్మకం ఆగింది. సెరటోనిన్ అనే రసాయనం ద్వారా మెదడులో ఆకలిని అణచిన ఆ మందే, గుండె కవాటాల మీద ఉన్న సెరటోనిన్ గ్రాహకాలను రెచ్చగొట్టి వాటిని మందంగా మార్చింది. 121 మందిని చూసి కోట్ల చీటీలు రాయడం ఎంత తెగింపో ఆలోచించండి.

మన దేశం ఈ కథకు వట్టి ప్రేక్షకురాలు కాదు. రిమోనబంట్ అనే బరువు మందు 2006లో ఐరోపాలో అనుమతి పొందింది, మన కంపెనీలూ దాన్ని తయారుచేసి అమ్మాయి. తిండి మీద ఇష్టాన్ని పుట్టించే గ్రాహకాన్ని అది మూసేస్తుంది. అదే గ్రాహకం మిగతా సంతోషాలకూ ఆధారం కాబట్టి వాడినవాళ్లలో కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు పెరిగాయి. 2008లో ఐరోపా ఆపేసింది, 2009లో భారత్ నిషేధించింది. సిబుట్రమిన్ అనే మరో మందు అంతకంటే ఎక్కువకాలం మన మెడికల్ షాపుల్లో ఉంది. దాదాపు పదివేల మందిపై చేసిన స్కౌట్ అనే అధ్యయనంలో, ఆ మందు వాడినవాళ్లలో 11.4 శాతం మందికి, ఉత్తుత్తి గోళీ వాడినవాళ్లలో 10 శాతం మందికి గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులు వచ్చాయి. 2010లో ఐరోపా, అమెరికా ఆపేశాయి, 2011లో మన ప్రభుత్వం నిషేధించింది. ఆ అధ్యయనంలో ఎక్కువమంది ముందే గుండె జబ్బున్నవాళ్లని, వాళ్లకు అసలా మందు ఇవ్వకూడదని కంపెనీ వాదించింది. కాగితం మీద ఆ వాదన సరైనదే. కానీ బరువు మందు కోసం వచ్చేది ఎవరు? లావుతోపాటు బీపీ, షుగరు ఉన్నవాళ్లే కదా. చీటీ లేకుండానే గోళీలు దొరికే చోట, గుండె పరీక్ష ఎన్నడూ చేయించుకోని మనిషికి ‘మీకు ఇది పడదు’ అని చెప్పేదెవరు?

ఏ మందుకైనా దుష్ఫలితాలుంటాయి, పారాసిటమాల్‌కు లేవా అని మరో వాదన ఉంది. ఉన్నాయి. అయితే జ్వరం గోళీ రెండు రోజులు మింగుతాం, టీబీ మందు ఆరు నెలలు వాడతాం. బరువు మందు ఆపితే బరువు తిరిగొస్తుంది కాబట్టి అది ఏళ్ల తరబడి సాగాల్సిన వాడకం. అందులోనూ వాడేవాళ్లలో చాలామంది రోగులు కారు, పెళ్లి ముందరో కాన్పు తర్వాతో అద్దం చూసుకుని వచ్చినవాళ్లు. ఏ రోగమూ లేనివాళ్లు ఏళ్లపాటు మింగే మందుకు భద్రత గీటు మిగతా మందులకంటే పైన ఉండాలి. స్థూలకాయమే ప్రాణాంతకం కదా అనేవాళ్ల మాటలో మాత్రం బలముంది. వాళ్లను తేలిగ్గా తీసేయలేం, వాళ్లకు జవాబు కింద వస్తుంది.

ముందు మూలికల సంగతి. ‘ఇది కెమికల్ కాదు, ఆయుర్వేదం’ అన్న మాట మన దగ్గర అన్ని సందేహాలనూ తీర్చేస్తుంది. సుశ్రుతుడు కొవ్వు పెరిగే మేదోరోగానికి గుగ్గులు చెప్పిన మాట నిజం. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి 1966లో ఆ సూత్రాన్నే పట్టుకుని కుందేళ్లపై గుగ్గులు పరీక్షించి కొలెస్టరాల్ తగ్గుతుందని చూపడం గౌరవించదగ్గ శాస్త్రం. అయితే 2003లో అమెరికాలో మనుషులపై చేసిన పరీక్షలో చెడ్డ కొలెస్టరాల్ తగ్గకపోగా కాస్త పెరిగింది, కొందరికి ఒంటిమీద దద్దుర్లు లేచాయి. కేరళ చేపల పులుసులో వాడే మలబారు చింత జాతి గార్సినియాను 1998లో 135 మందిపై పన్నెండు వారాలు పరీక్షిస్తే ఉత్తుత్తి గోళీకీ దానికీ తేడా లేదు. ఇక్కడో విచిత్రం ఉంది. నిజమైన మూలికలు పెద్దగా పనిచేయవు, ‘మూలికల డబ్బా’లు కొన్ని మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తాయి. 2007 నుంచి 2016 వరకు అమెరికా ఔషధ సంస్థ కల్తీ మందులున్నట్లు గుర్తించిన 776 ఆహార పూరకాల్లో దాదాపు 41 శాతం బరువు తగ్గించేవి, వాటిలో ఎక్కువగా దొరికింది నిషేధించిన సిబుట్రమినే. కాబట్టి పేరు తెలియని పొడి వారంలో నాలుగు కిలోలు దించితే సంతోషించకండి, భయపడండి. మన చట్టం ఇందులో స్పష్టంగానే ఉంది. 1954 నాటి ఔషధాలు, అద్భుత నివారణల చట్టం తన జాబితాలో స్థూలకాయాన్ని పేరుపెట్టి చేర్చింది, దాన్ని నయం చేస్తామని మందు ప్రకటన ఇవ్వడమే నేరం. ఆ చట్టం కిందే తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం ఇటీవలి ఏళ్లలో పలుచోట్ల ఇలాంటి సరుకు పట్టుకుంది. ఫోను తెర మీద మాత్రం ఆ చట్టం జాడ కనిపించదు.

ఇప్పుడు గట్టి అభ్యంతరానికి వద్దాం. కొత్త మందులు వచ్చాయి కదా, పాత కథ వాటికెందుకు అంటారు. న్యాయమైన ప్రశ్న. కడుపు నిండిందని మెదడుకు చెప్పే పేగు హార్మోనును అనుకరించే సెమాగ్లుటైడ్, 1,961 మందిపై జరిగిన అధ్యయనంలో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గించింది. ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్లు తగ్గింది 2.4 శాతమే. అంతకంటే పెద్ద విశేషం, సిబుట్రమిన్ ఓడిపోయిన పరీక్షలో ఇది నెగ్గింది. గుండె జబ్బున్న 17,604 మందిపై చేసి 2023లో ప్రకటించిన సెలెక్ట్ అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం వంటివి 20 శాతం తగ్గాయి. స్థూలకాయంతో నిజంగా జబ్బుపడ్డవాళ్లకు ఇది మందే, దాన్ని వాడటం సోమరితనమని ఎగతాళి చేయడం అన్యాయం. అయినా వేరే మీట లేదన్న మాట ఇక్కడా వర్తిస్తుంది. కడుపు నిండిన భావం కలిగించే మందు కాబట్టే వికారం, వాంతులు, మలబద్ధకం. వేగంగా సన్నబడతారు కాబట్టే పిత్తాశయంలో రాళ్లు, కండ నష్టం. ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఈసారి బేరం లాభసాటిగా ఉంది, బేరం లేకుండా పోలేదు.

ఆ బేరం రేగొండకు ఎంతకు దొరుకుతుందో కూడా చూడాలి. ఇలాంటిదే మరో కొత్త సూది మందు టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చినప్పుడు అతి చిన్న మోతాదు సీసా 3,500 రూపాయలు. వారానికొకటి చొప్పున నెలకు 14,000. ఆ ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక నెల సూదులకు నలభై అయిదు రోజుల కూలి చాలదు. ధర దిగుతుందనడంలో సందేహం లేదు. సెమాగ్లుటైడ్‌పై భారత్‌లో పేటెంటు గడువు 2026 మార్చి వరకే. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ దాన్ని ఎగుమతి కోసం తయారు చేసుకోవచ్చని ఢిల్లీ హైకోర్టు 2025 డిసెంబరులోనే చెప్పింది. అదే నెలలో అమెరికా బరువు కోసమే సెమాగ్లుటైడ్ గోళీకి అనుమతిచ్చింది. చవకైన రోజున అది జబ్బున్నవాళ్లకు అందడం మంచిదే. కానీ రక్త పరీక్ష, మోతాదు పెంచే లెక్క, తిండిలో మాంసకృత్తుల జాగ్రత్త ఇవేవీ లేకుండా ఆర్‌ఎంపీ దగ్గరో, కొరియర్‌లోనో దొరికితే మంచి మందు కూడా పాత దారే పడుతుంది. మంచు పెట్టెలో రావాల్సిన సూది ఎండలో బస్సు మీద వస్తే అది మందుగా పనిచేయకపోవచ్చు.

నా తీర్పు ఇది. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 30 దాటినవాళ్లు, లేదా 27 దాటి షుగరు, బీపీ వంటివి ఉన్నవాళ్లు ఎంబీబీఎస్ ఆపై చదివిన డాక్టరు చూపులో, తిండీ నడకా మార్చుకుంటూ వాడితే కొత్త మందులు పనికొస్తాయి. పెళ్లికి పదిహేను రోజుల ముందు అయిదు కిలోల కోసం ఏ గోళీ సురక్షితం కాదు. డబ్బా మీద మందు అసలు పేరు, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు లేకపోతే మింగకండి, అమ్మినవాళ్లకు డబ్బు కట్టకండి. సన్నబడతారని రాసిన ప్రకటన గానీ డబ్బా గానీ కంటపడితే తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగానికి 1800-599-6969కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు.