బాప్తిస్మపు సిద్ధపాటు

బాప్తిస్మపు సిద్ధపాటు అనగా క్రైస్తవ విశ్వాసాన్ని కొత్తగా స్వీకరించేవారికి బాప్తిస్మానికి ముందు, తరువాత ఇచ్చే శిక్షణ. నారాయణఖేడ్ 2016 వరకు మెదక్ జిల్లాలో ఉండి, ప్రస్తుతం సంగారెడ్డి జిల్లాలో ఉంది. పూర్వపు మెదక్ జిల్లా దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) మెదక్ అధ్యక్ష మండలం పరిధిలోనిది.

చరిత్ర

మెదక్ ప్రాంతంలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ సంఘాన్ని విస్తరింపజేశాడు. ఆయన కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు ఇక్కడి సంఘాలు అందులో చేరాయి.

శిక్షణాంశాలు

విశ్వాసులు పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, అపొస్తలుల విశ్వాస ప్రమాణం నేర్చుకుంటారు. చదువు రానివారు వీటిని వల్లెవేసి, కీర్తనలు పాడి నేర్చుకునేవారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, సువార్తను ప్రకటించడం బాప్తిస్మం పొందిన ప్రతివాని బాధ్యతని బోధించాడు.

నిత్యజీవితం

ఆదివార ఆరాధన, కుటుంబ ప్రార్థన, బైబిలు పఠనం ముఖ్యమైనవి. వంట చేసేటప్పుడు పిడికెడు బియ్యం తీసిపెట్టి సంఘానికి సమర్పించడం పేదలు సైతం పాటించగల కానుక.

చట్టపరమైన స్థితి

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకు మాత్రమే షెడ్యూల్డు కులాల హోదా వర్తిస్తుంది. క్రైస్తవులైన దళితులు తెలంగాణలో బి.సి.-సి వర్గంలోకి వస్తారు. వారి రిజర్వేషను 1 శాతం. అందువలన విశ్వాసమున్నా బాప్తిస్మానికి వెనుకాడేవారు ఉన్నారు.