లోడు బండికి ఖరీదైన పెట్రోలు

1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారు వెనక భాగం తీసేసి, అక్కడ ఒక తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఫోర్డ్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన తొలి పికప్ అది. దానికి రెండేళ్ల ముందు, 1923 ఫిబ్రవరిలో, ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో ఒక బంకు సీసం కలిపిన 'ఇథైల్' పెట్రోలును మామూలు పెట్రోలు కన్నా ఎక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టింది. ప్రీమియం పెట్రోలు అనే ఆచారానికి మొదలు అక్కడే. చిన్న పికప్‌లో ఖరీదైన పెట్రోలు పోయిస్తే బండికి ఏమైనా ఒరుగుతుందా అని వందేళ్ల తర్వాత కూడా జనం అడుగుతూనే ఉన్నారు. ప్రీమియం ఎవరి కోసం, ఏ ఇంజన్ కోసం పుట్టిందో చూస్తే జవాబు తేలిపోతుంది. ఎక్కువ ఒత్తిడితో పనిచేసే కార్ల ఇంజన్‌కీ దానికీ పొత్తు కుదిరింది. మామూలు లోడు బండి ఇంజన్ ఆ పొత్తులో ఎప్పుడూ లేదు.

సిలిండర్‌లో గాలీ పెట్రోలు ఆవిరీ కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కుతుంది, స్పార్కు ప్లగ్గు అంటిస్తుంది, మంట ఒక పక్క నుంచి ఇంకో పక్కకు క్రమంగా పాకుతుంది. జరగాల్సింది ఇది. ఒత్తిడీ వేడీ మితిమీరితే మాత్రం మంట ఇంకా చేరని మూల మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దాన్నే. 1912లో కాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టరు, బ్యాటరీ ఇగ్నిషన్ ఇచ్చిన చార్లెస్ కెటరింగ్ మీదే మొదట ఈ చప్పుడు నింద పడింది. తప్పు ఇగ్నిషన్‌ది కాదు, పెట్రోలుదని ఆయన దగ్గర పనిచేసిన థామస్ మిడ్‌గ్లీ తేల్చాడు. అయోడిన్ మొదలుకొని ఎన్నో పదార్థాలు కలిపి చూసి, 1921 డిసెంబరులో టెట్రా ఇథైల్ లెడ్ దగ్గర ఆగాడు. గ్యాలనుకు రెండు మూడు సీసీలు చాలు, చప్పుడు పోయేది. దాని వెల వేరే విధంగా చెల్లించాల్సి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ విషం సోకి ఐదుగురు కార్మికులు చనిపోయారు. న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాలు దాన్ని నిషేధించాయి. 1925లో అమెరికా ప్రజారోగ్య అధిపతి సర్జన్ జనరల్ విచారణ జరిపే వరకు అమ్మకాలు ఆపి, 1926లో మళ్లీ మొదలుపెట్టారు. ప్రీమియం అంటే స్వచ్ఛమైన సరుకని నమ్మేవాళ్లు ఈ పుట్టుక కథ ఒకసారి తలచుకుంటే మంచిది. ఆనాటి ప్రీమియం అంటే ఎర్రరంగు కలిపిన సీసపు పెట్రోలు.

నాకింగ్‌ను తట్టుకునే గుణాన్ని కొలవడానికి ఒక బద్ద కావాలి. ఇథైల్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త గ్రాహమ్ ఎడ్గర్ 1926లో దాన్ని సూచించాడు. సులువుగా నాకింగ్ తెచ్చే నార్మల్ హెప్టేన్‌కు సున్నా, గట్టిగా తట్టుకునే ఐసో ఆక్టేన్‌కు నూరు. మొదట్లో ఆ హెప్టేన్‌ను కాలిఫోర్నియా కొండల్లో పెరిగే జెఫ్రీ పైన్ చెట్ల బంక నుంచి తీసేవారు. 1929 నాటికి కంప్రెషన్ పెంచుతూ తగ్గిస్తూ పరీక్షించే ఒంటి సిలిండరు ఇంజన్ కూడా తయారైంది. ఆక్టేన్ అనే ఈ కొలత కొలిచేది ఒక్కటే: నాకింగ్ రాకుండా పెట్రోలు ఎంత ఒత్తిడి ఓర్చుకోగలదు అని. అందులో ఎంత శక్తి ఉందో, అది ఎంత శుభ్రంగా మండుతుందో ఆ అంకె చెప్పదు. ఇథనాల్ ఆక్టేన్ నూరు దాటుతుంది, కానీ లీటరుకు దానిలో ఉండే శక్తి పెట్రోలులో కన్నా మూడో వంతు తక్కువ. ఎక్కువ అంకె అంటే ఎక్కువ బలం అన్న నమ్మకం ఈ ఒక్క ఉదాహరణతోనే నిలవలేకపోతుంది.

అయితే ఆ అంకె వృథా కాదు. మిశ్రమాన్ని ఎంత గట్టిగా నొక్కి మండిస్తే అదే పెట్రోలు నుంచి అంత ఎక్కువ పని దొరుకుతుంది. మంచి పెట్రోలు దొరకడంతో డిజైనర్లు కంప్రెషన్ రేషియోను, అంటే మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతారన్న లెక్కను, పెంచుకుంటూ పోయారు. మోడల్ టీలో అది సుమారు 4. రెండో ప్రపంచ యుద్ధ విమానాల కోసం అధిక ఆక్టేన్ పెట్రోలు తీసే పద్ధతులు పెరిగాక, 1947లో కెటరింగ్ 12.5 కంప్రెషన్‌తో నడిచే ప్రయోగ ఇంజన్‌ను ఇంజనీర్ల ముందు పెట్టాడు. 1949లో ఓల్డ్స్‌మొబీల్, కాడిలాక్ కొత్త వీ8 ఇంజన్లు ఏడుంపావు, ఏడున్నరతో వచ్చాయి. 1960ల నాటికి పెద్ద కార్లలో 10 మామూలైపోయింది. ఆ కార్లకు ప్రీమియం నిజంగానే కావాలి. మామూలు పెట్రోలు పోస్తే నాకింగ్ చేసి పిస్టన్ తినేసేవి. గుర్తుంచుకోవలసింది ఇది: లాభం ఇచ్చింది కంప్రెషన్, పెట్రోలు దానికి వీలు కల్పించింది అంతే. నాలుగు కంప్రెషన్ ఇంజన్‌లో నూరు ఆక్టేన్ పోసినా సిలిండర్ లోపల ఒత్తిడి ఇసుమంత పెరగదు.

ఈ పరుగు 1970ల మొదట్లో వెనక్కి తిరిగింది. పొగలోని విషాలు తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ రాబోతోందనీ, సీసం దాన్ని పాడుచేస్తుందనీ తెలిసి, జనరల్ మోటార్స్ 1971 మోడళ్లన్నిటిలో కంప్రెషన్ తగ్గించింది. 1974 జులై నుంచి పెద్ద బంకులు సీసం లేని పెట్రోలు తప్పనిసరిగా అమ్మాలని ప్రభుత్వం నిర్ణయించింది. 1975 మోడళ్లలో చాలావాటికి కన్వర్టర్లు వచ్చాయి. చిన్న పికప్ అమెరికాలో నిలదొక్కుకున్నది సరిగ్గా ఈ కాలంలోనే. జపాన్ నుంచి డాట్సన్, టొయోటా. 1972లో ఇసుజు చేసిన షెవర్లే లవ్, మాజ్డా చేసిన ఫోర్డ్ కొరియర్. 1980ల మొదట్లో షెవర్లే ఎస్-10, ఫోర్డ్ రేంజర్. రేంజర్‌లోని 2.3 లీటర్ల ఇంజన్ పుట్టింది 1974లో, పింటో కారు కోసం. టొయోటా 2.4 లీటర్ల 22ఆర్ ఇంజన్ కూడా అదే బాటలోది. వీటి కంప్రెషన్ 9కి అటూ ఇటూ. ఇటుకలూ కూరగాయలూ మోయాల్సిన బండికి తక్కువ వేగంలో లాగే బలం, ఎక్కడ దొరికిన పెట్రోలైనా అరిగించుకునే ఓపిక కావాలి. ఆ ఇంజన్లను సీసం లేని మామూలు పెట్రోలుకే సర్దారు. అమెరికా బంకుల మీద కనిపించే 87 అదే. హైదరాబాద్‌లో 91 చూసినవాళ్లకు డాలస్‌లో 87 నాసిరకంగా అనిపించవచ్చు గానీ, అమెరికన్లు రెండు రకాల పరీక్షల సగటు రాస్తారు, మనం రీసెర్చ్ పద్ధతి అంకె ఒక్కటే రాస్తాం. వాళ్ల 87 మన లెక్కలో 91, 92 దగ్గరికి వస్తుంది.

అయినా ఖరీదైన పెట్రోలు పోయించాక బండి తేలిగ్గా నడుస్తోందని చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల వాదనల్లో మూడింటికి జవాబు చెప్పాలి. మొదటిది, ప్రీమియంలో ఇంజన్‌ను కడిగే మందులు ఉంటాయన్నది. నిజమే, కానీ 1995 నుంచి అమెరికాలో అన్ని రకాల పెట్రోలులోనూ డిటర్జెంట్ కలపడం చట్టం. 2004లో కొన్ని కార్ల కంపెనీలు తెచ్చిన 'టాప్ టియర్' ప్రమాణం ఇంకా ఎక్కువ కోరింది, ఆ ముద్ర ఉన్న బంకులో 87కి కూడా ఆ మందే అందుతుంది. రెండోది నాకింగ్ సెన్సరు. 1978 బ్యూక్ టర్బో ఇంజన్ నాటి నుంచి కంప్యూటర్ నాకింగ్ పసిగట్టి స్పార్కును సర్దుతోందనీ, అందువల్ల మెరుగైన పెట్రోలుకు అది మెరుగైన ఫలితం ఇస్తుందనీ అంటారు. ఆ సెన్సరు ప్రధానంగా కాపలా కోసం పెట్టింది. నాకింగ్ వస్తే స్పార్కును వెనక్కి జరుపుతుంది, రాకపోతే ఫ్యాక్టరీలో రాసిన హద్దు దగ్గరే ఉంటుంది. 87 కోసం హద్దు గీసిన ఇంజన్‌కు 93 ప్రీమియం పోస్తే స్పార్కు ముందుకు జరగడానికి చోటు ఉండదు. మూడోదానిలో కొంత పస ఉంది. ఏళ్ల తరబడి తిరిగిన ఇంజన్‌లో మసి పేరుకుంటే లోపలి చోటు తగ్గి, వేడి పెరిగి, కొత్తలో లేని నాకింగ్ మొదలవుతుంది. అలాంటి బండికి ఒక మెట్టు పై రకం పోస్తే చప్పుడు తగ్గుతుంది. అది జ్వరానికి తడిగుడ్డ లాంటిది, మసి తీయించడమే వైద్యం. ఇక ఈ మధ్య వచ్చిన టర్బో పికప్‌ల సంగతి వేరు. అవి గాలిని ముందే ఒత్తి పంపుతాయి కనుక, బరువు లాగేటప్పుడు పై రకం వాడమని కొన్ని కంపెనీల మాన్యువళ్లే చెబుతాయి. అక్కడ డబ్బు దండగ కాదు.

మరి మామూలు ఇంజన్‌కు అవసరం లేకపోయినా అలవాటు ఎలా బతికింది? నా అంచనాలో, 1960ల కార్ల జ్ఞాపకాన్ని ప్రకటనలు కాపాడాయి. తన 93 ఆక్టేన్ పెట్రోలు వల్ల రిపేర్ల ఖర్చు తగ్గుతుందన్న ప్రచారానికి ఆధారాలు లేవని ఎక్సాన్ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో ఫిర్యాదు దాఖలు చేసింది. చాలా కార్లకు మామూలు పెట్రోలే సరిపోతుందని తానే ప్రకటనలు ఇవ్వడానికి 1997లో కంపెనీ ఒప్పుకుంది. 2016లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ మామూలు పెట్రోలుకు తయారైన నాలుగు, ఆరు, ఎనిమిది సిలిండర్ల ఇంజన్లలో ప్రీమియం పోసి పరీక్షించింది. శక్తిలో గానీ మైలేజీలో గానీ పొగలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంతకుముందు ఏడాదిలో అమెరికన్లు ఇలా వృథా చేసుకున్నది 210 కోట్ల డాలర్లకు పైనే అని ఆ సంస్థ లెక్క కట్టింది.

ఈ ఆచారం మన దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. 2000 నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చాక, 2002లో భారత్ పెట్రోలియం 'స్పీడ్' పేరుతో ఖరీదైన రకం తెచ్చింది. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ నూరు ఆక్టేన్ ఎక్స్‌పీ100 తెచ్చింది. 2005లో వచ్చిన టాటా ఏస్ డీజిల్ బండి కనుక దానికి ఆక్టేన్ ప్రశ్నే లేదు. డీజిల్ ఇంజన్ తనంతట తాను మండడం మీదే నడుస్తుంది. పెట్రోలు ఏస్ వచ్చాక ఈ ప్రశ్న మన లోడు బండ్ల యజమానుల ముందుకూ వచ్చింది. ఈలోగా ఇథనాల్ 20 శాతం కలిపిన మామూలు పెట్రోలు ఆక్టేనే 91 నుంచి 95కు చేరింది. అంకె పెరిగింది కదా, మైలేజీ పెరగలేదు. పాత ప్రమాణానికి రూపొందిన నాలుగు చక్రాల బండ్లలో ఈ మిశ్రమం వల్ల 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది.